చెవిలో హోరు, శబ్ద అసహనం: రెండు బాధల వెనుక ఒకే మూలం

బయట ఎక్కడా శబ్దం లేకపోయినా చెవిలో ఎడతెగని హోరు వినిపించడం ఒక బాధ. ఇతరులు పట్టించుకోని సాధారణమైన చప్పుడు సైతం భరించలేనంత పెద్దదిగా వినిపించడం మరొక బాధ. మొదటి దానిని వైద్యులు టిన్నిటస్ అని, రెండవ దానిని హైపర్‌అక్యూసిస్ అని వ్యవహరిస్తారు. లేని శబ్దాన్ని వినడం, ఉన్న శబ్దాన్ని సహించలేకపోవడం పైకి పొంతన లేని విషయాలుగా కనిపిస్తాయి. అయితే ఈ రెండూ తరచుగా ఒకే వ్యక్తిలో కలిసి ఉంటాయని, అనేక మందిలో వీటి వెనుక ఒకే తరహా మార్పు ఉండవచ్చునని గత కొన్ని దశాబ్దాల పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఈ సంబంధం తెలియకపోవడం వల్ల నష్టం రెండు విధాలుగా జరుగుతోంది. బాధితులు శబ్దానికి భయపడి చెవుల్లో దూది పెట్టుకొని, తలుపులు మూసుకొని నిశ్శబ్దంలో గడుపుతారు. అలా చేసిన కొద్దీ హోరు, అసహనం రెండూ పెరిగే అవకాశముంది. మరోవైపు, వినికిడి పరీక్షలో లోపం కనిపించనప్పుడు ఇంటివారు, పై అధికారులు, కొన్ని సందర్భాల్లో వైద్య సిబ్బంది సైతం వారి మాటను నమ్మరు. ఈ రెండు నష్టాలూ అవగాహనతో నివారించదగినవే.

రెండు లక్షణాల స్వరూపం

టిన్నిటస్ వల్ల వినిపించే శబ్దం అందరికీ ఒకే విధంగా ఉండదు. కొందరికి ఇలకోడి కూత మాదిరిగా, కొందరికి సన్నని ఈల మాదిరిగా, మరికొందరికి ప్రెషర్ కుక్కర్ నుంచి వెలువడే ఆవిరి చప్పుడుగా, గంట మోగిన తరువాత మిగిలే నాదంగా వినిపిస్తుంది. ఒక చెవిలో గాని, రెండు చెవుల్లో గాని, తల మధ్యలో గాని ఉన్నట్లు తోస్తుంది. ఇది కొత్తగా పుట్టిన బాధ కాదు. సుశ్రుత సంహిత చెవి రోగాల వరుసలో కర్ణనాదాన్ని పేర్కొన్నది. ఆధునిక వైద్యశాస్త్రం దీనిని ఒక వ్యాధిగా కాక, వేర్వేరు కారణాల వల్ల కలిగే ఒక లక్షణంగా పరిగణిస్తోంది.

వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2022లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం ప్రపంచంలోని వయోజనుల్లో సుమారు 14 శాతం మందికి, అంటే 74 కోట్లకు పైగా ప్రజలకు టిన్నిటస్ అనుభవం ఉంది. వీరిలో 12 కోట్ల మందికి పైగా దానిని తీవ్రమైన సమస్యగా ఎదుర్కొంటున్నారు. మిగిలినవారికి ఆ శబ్దం వినిపించినా నిత్య జీవితానికి అది పెద్ద ఆటంకం కాదు.

హైపర్‌అక్యూసిస్ ఉన్నవారికి స్టీలు గిన్నెల చప్పుడు, మిక్సీ రొద, పిల్లల కేకలు, వాహనాల హారన్లు, ఒక్కొక్కప్పుడు పక్కనున్నవారి నవ్వు కూడా విపరీతమైన శబ్దంగా, కొందరిలో చెవి నొప్పిగా పరిణమిస్తాయి. మామూలు చెవికి శబ్దతీవ్రత దాదాపు 100 డెసిబెళ్లకు చేరితే గాని అసౌకర్యం కలగదు. హైపర్‌అక్యూసిస్ ఉన్నవారికి అంతకంటె చాలా తక్కువ స్థాయిలోనే ఆ అసౌకర్యం మొదలవుతుంది.

దీనిని పోలిన మరికొన్ని స్థితులను వేరుచేసి చూడవలసి ఉంది. వినికిడి లోపం ఉన్న వృద్ధులకు మెల్లగా మాట్లాడితే వినిపించదు, కాస్త గొంతు పెంచితే అరుస్తున్నారని విసుక్కుంటారు. ఇది లోపలి చెవి దెబ్బతిన్నందువల్ల వినిపించే స్థాయికి, భరించలేని స్థాయికి మధ్య ఎడం తగ్గిపోవడం మాత్రమే. నమలడం, చప్పరించడం, పెన్నుతో టకటకలాడించడం వంటి కొన్ని ప్రత్యేక శబ్దాలు వినగానే పట్టరాని కోపం రావడాన్ని మిసోఫోనియా అంటారు. అక్కడ శబ్దతీవ్రతతో నిమిత్తం లేదు. ఏదైనా శబ్దం వినవలసి వస్తుందేమోనన్న భయమే ప్రధానమైతే అది ఫోనోఫోబియా. ఒకే వ్యక్తిలో వీటిలో రెండు మూడు కలిసి కూడా ఉండవచ్చు. చికిత్స వేర్వేరు గనుక నిర్ధారణ కచ్చితంగా ఉండాలి.

రెండూ కలిసి వచ్చే తీరు

టిన్నిటస్ ప్రధాన ఫిర్యాదుగా ప్రత్యేక క్లినిక్‌లకు వచ్చేవారిలో సుమారు 40 శాతం మందికి శబ్ద అసహనం కూడా ఉన్నట్లు వైద్య సాహిత్యం పేర్కొంటోంది. శబ్ద అసహనం ప్రధాన ఫిర్యాదుగా వచ్చినవారిని పరిశీలించిన ఒక స్వీడన్ అధ్యయనం 1999లో వెలువడింది. అందులో 86 శాతం మందికి చెవిలో హోరు కూడా ఉన్నట్లు తేలింది. హోరు ఉన్న ప్రతి ఒక్కరికీ శబ్ద అసహనం ఉండదు గాని, శబ్ద అసహనంతో చికిత్సకు వచ్చేవారిలో అత్యధికులకు హోరు ఉంటున్నది. కాబట్టి ఒక లక్షణంతో వచ్చిన రోగిని రెండవ దాని గురించి కూడా విధిగా ప్రశ్నించవలసి ఉన్నది. చాలా సందర్భాల్లో రోగి తనంతట తాను రెండవ విషయాన్ని చెప్పడు. అది చెవికి సంబంధించినదని గాక తన చిరాకు స్వభావమని భావిస్తాడు.

చెవి, మెదడు కలిసి చేసే పని

ఈ సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి వినికిడి ప్రక్రియను స్థూలంగా తెలుసుకోవడం అవసరం. గాలిలోని ధ్వని తరంగాలు కర్ణభేరిని కదిలిస్తాయి. ఆ కదలికను మధ్య చెవిలోని మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి చేరవేస్తాయి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో సుమారు 15 వేల రోమకణాలు ఉంటాయి. వీటిలో దాదాపు 12 వేలు బయటి వరుసలవి. ఇవి బలహీనమైన శబ్దాలను పెంచి అందిస్తాయి. సుమారు 3,500 లోపలి వరుసవి. ఇవి ఆ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణ నాడికి అందిస్తాయి. పెద్ద శబ్దం, వార్ధక్యం, కొన్ని మందుల వల్ల నశించిన రోమకణాలు మనిషిలో తిరిగి పుట్టవు.

సంకేతం శ్రవణ నాడి గుండా మెదడు కాండానికి, అక్కడినుంచి అంచెలంచెలుగా మెదడు పై పొరకు చేరుతుంది. ఈ మార్గంలోని నాడీకణాలు వచ్చిన సంకేతాన్ని ఉన్నది ఉన్నట్లుగా పంపే తీగలు కావు. అవసరాన్నిబట్టి వాటి స్పందనను అవి పెంచుకొంటాయి, తగ్గించుకొంటాయి. చెవి నుంచి వచ్చే సంకేతం కొంతకాలం పాటు తగ్గిపోతే, ఆ లోటును పూడ్చుకొనేందుకు మెదడు తన స్పందనను పెంచుతుంది. శ్రవణ నాడిలో పూర్తి నిశ్శబ్దం ఎన్నడూ ఉండదు. శబ్దం లేనప్పుడు కూడా అందులో స్వల్పమైన విద్యుత్ చలనం జరుగుతూనే ఉంటుంది.

పాత రేడియోతో పోల్చితే విషయం సులభంగా బోధపడుతుంది. స్టేషను సంకేతం బలహీనపడినప్పుడు శ్రోత వాల్యూమ్ మీట పెంచుతాడు. కార్యక్రమంతో పాటు అంతవరకు వినిపించని గరగర శబ్దం కూడా పైకి వస్తుంది. చెవిలో హోరు ఈ గరగర వంటిది. మీట అలా పెంచి ఉన్న సమయంలో ఒక్కసారిగా బలమైన సంకేతం వస్తే రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. శబ్ద అసహనం ఈ మోత వంటిది. మీట ఒక్కటే, ఫలితాలు రెండు. టిన్నిటస్‌కు, హైపర్‌అక్యూసిస్‌కు గల సంబంధం గురించి నేడు ఎక్కువ మంది పరిశోధకులు ముందుకు తెస్తున్న వివరణ ఇదే. అయితే అన్ని రకాల హోరునూ, ముఖ్యంగా నొప్పితో కూడిన శబ్ద అసహనాన్నీ ఈ ఒక్క వివరణతో పూర్తిగా సమాధానపరచలేమని కూడా వారు అంగీకరిస్తున్నారు.

ప్రయోగాల సాక్ష్యం

ఈ వివరణను బలపరిచే ప్రయోగాలు కొన్ని ప్రత్యేకంగా పేర్కొనదగినవి. 1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అనే పరిశోధకులు సాధారణ వినికిడి గల 80 మందిని శబ్దం చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, ఏమి వినిపించిందో చెప్పమన్నారు. 94 శాతం మంది తమకు ఏదో ఒక శబ్దం వినిపించినట్లు చెప్పారు. పూర్తి నిశ్శబ్దంలో ఆరోగ్యవంతుల చెవిలో కూడా హోరు పుట్టవచ్చునని దీనివల్ల తెలిసింది.

2003లో ఫార్మ్‌బీ, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన వారు రెండు వారాల పాటు ఒక విడత చెవులకు ప్లగ్‌లు పెట్టుకొన్నారు. మరొక విడత మంద్రమైన ధ్వనిని నిరంతరం వినిపించే చిన్న పరికరాలు ధరించారు. ప్లగ్‌ల తరువాత పరీక్షించినప్పుడు అదే శబ్దం వారికి మునుపటికంటె పెద్దదిగా తోచింది. మంద్రధ్వని తరువాత పరీక్షించినప్పుడు మునుపటికంటె చిన్నదిగా తోచింది. శబ్దానికి దూరమైతే సహనం తగ్గుతుందని, తగు స్థాయిలో శబ్దం అందుతూ ఉంటే సహనం పెరుగుతుందని ఈ ప్రయోగం తేటతెల్లం చేసింది.

2012లో వెలువడిన మరొక ప్రయోగంలో సాధారణ వినికిడి గల 18 మంది ఒక చెవికి ఏడు రోజుల పాటు నిరంతరాయంగా ప్లగ్ ధరించారు. వారిలో 14 మందికి లేని శబ్దాలు వినిపించాయి. ప్లగ్ తీసివేసిన తరువాత అవి మాయమయ్యాయి. అనగా చెవికి అందే శబ్దాన్ని తగ్గించడం ద్వారా ఒక ప్రయోగంలో శబ్ద సహనం తగ్గగా, మరొక దానిలో హోరు పుట్టింది. ప్లగ్‌ను తొలగించగానే హోరు పోవడం ఆశాజనకమైన అంశం. పెరిగిన మీట తిరిగి తగ్గగలదనడానికి అది నిదర్శనం.

మెదడు చిత్రాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2010లో అమెరికాలో జరిగింది. వినికిడి పరీక్షలో సాధారణ ఫలితం వచ్చిన వ్యక్తులనే ఇందుకు ఎంచుకొన్నారు. శబ్ద సహనం తక్కువగా ఉన్నవారికి, హోరు ఉన్నా లేకున్నా, మెదడు మధ్య భాగం నుంచి పై పొర వరకు శ్రవణ మార్గమంతటా శబ్దానికి స్పందన ఎక్కువగా కనిపించింది. హోరుకు సంబంధించిన అదనపు స్పందన ప్రధానంగా పై పొరలో కనిపించింది. రెండు లక్షణాలూ ఒకే మార్గంలో చోటు చేసుకొంటున్నా, అవి పూర్తిగా ఒకటే కావని ఈ అధ్యయనం సూచించింది. హోరు మీద జరిగిన పూర్వపు అధ్యయనాల్లో కొన్ని నిజానికి శబ్ద అసహనాన్నే కొలిచి ఉండవచ్చునన్న హెచ్చరిక కూడా దీనినుంచి వెలువడింది.

పరీక్ష ఫలితం సాధారణమైనా బాధ నిజమే

ప్రభుత్వ ఆసుపత్రుల్లో గాని, ప్రైవేటు క్లినిక్‌లలో గాని ముందుగా చేసే వినికిడి పరీక్ష ఆడియోగ్రామ్. అత్యల్పమైన ఏ శబ్దం వినిపిస్తున్నదో అది కొలుస్తుంది. హోరుతో, శబ్ద అసహనంతో వచ్చేవారిలో కొందరికి ఈ పరీక్ష పూర్తిగా సాధారణంగా ఉంటుంది. దీనికి గల ఒక కారణాన్ని 2009లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కుజావా, లిబర్‌మన్ ఎలుకలపై పరిశోధన ద్వారా వివరించారు. పెద్ద శబ్దానికి గురైన ఎలుకల వినికిడి కొద్ది రోజుల్లో సాధారణ స్థాయికి వచ్చింది. రోమకణాలు చెక్కుచెదరలేదు. కాని కాక్లియాలోని కొంత భాగంలో, రోమకణాలను శ్రవణ నాడితో కలిపే సంధులలో దాదాపు సగం శాశ్వతంగా నశించాయి. ఈ లోపాన్ని ఆడియోగ్రామ్ పట్టుకోలేదు.

2011లో లండన్‌లో షెట్టే, మెక్‌ఆల్పైన్ జరిపిన అధ్యయనం మనుషుల్లో ఇటువంటి సూచననే కనుగొన్నది. ఆడియోగ్రామ్ సాధారణంగా ఉండి టిన్నిటస్‌తో బాధపడుతున్న స్త్రీలలో శ్రవణ నాడి నుంచి వెలువడే తొలి తరంగం తగ్గి ఉన్నది. మెదడు కాండంలో పుట్టే తరువాతి తరంగం మాత్రం తగ్గలేదు. చెవి నుంచి తక్కువ సంకేతం వచ్చినా, మెదడు కాండం చేరేసరికి అది భర్తీ అయినదన్నమాట. ఆ తరువాత మనుషులపై జరిగిన అధ్యయనాలన్నీ ఒకే ఫలితాన్ని ఇవ్వలేదు గనుక ఈ విషయంలో పరిశోధన కొనసాగుతోంది. అయినప్పటికీ, ఆడియోగ్రామ్ సాధారణంగా ఉన్నంత మాత్రాన చెవికి హాని జరగలేదని నిర్ధారించరాదన్న విషయం స్పష్టం. అందువల్ల ఏ స్థాయి శబ్దం అసౌకర్యం కలిగిస్తున్నదో కొలిచే పరీక్ష, నిత్య జీవితంపై ప్రభావాన్ని తెలిపే ప్రశ్నావళి కూడా పరీక్షలో భాగం కావాలి. ఈ పరీక్షలో శబ్దాన్ని చాలా తక్కువ స్థాయి నుంచి మెల్లగా పెంచుతూ, రోగి చాలునన్నచోట ఆపవలసి ఉంటుంది.

భయం పాత్ర

ఒకే స్థాయి హోరు ఒకరికి ఇబ్బంది కలిగించకపోగా మరొకరికి నిద్ర పట్టనివ్వకపోవడానికి కారణాన్ని పావెల్ జాస్ట్రెబాఫ్ 1990లో ప్రతిపాదించిన నమూనా వివరిస్తుంది. దాని ప్రకారం మెదడులోని భావోద్వేగ కేంద్రాలు ఆ శబ్దాన్ని ప్రమాద సూచనగా స్వీకరించినప్పుడు దాని మీద ధ్యాస పెరుగుతుంది. ధ్యాస పెరిగిన కొద్దీ శబ్దం మరింత స్పష్టంగా వినిపిస్తుంది. ఆందోళన, నిద్రలేమి, అలసట తోడై చక్రం తిరుగుతుంది. శబ్ద అసహనంలోనూ ఇదే జరుగుతుంది. ఒకసారి బాధపెట్టిన శబ్దం మళ్లీ వస్తుందేమోనన్న భయంతో బాధితుడు పెళ్లిళ్లకు, బజారుకు, చివరకు ఉద్యోగానికి సైతం దూరమవుతాడు. దీనివల్ల బాధ మనసు కల్పించినదని అర్థం కాదు. శరీరంలో మొదలైన మార్పును మనసు మోసే తీరు దాని బరువును నిర్ణయిస్తున్నదని అర్థం. నిస్పృహకు లోనైనవారు ఏ వేళనైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చెవికి రక్షణ ఎప్పుడు, ఎంత

పెద్ద శబ్దం ఉన్నచోట ఇయర్‌ప్లగ్, ఇయర్‌మఫ్ తప్పనిసరి. యంత్రాల వద్ద పనిచేసేవారు, జనరేటర్లు, రాతి క్వారీలు, మరమగ్గాల వద్ద ఉండేవారు, బ్యాండు వాయిద్యకారులు, బాణసంచా కాల్చేవారు వాటిని వాడాలి. పొరపాటు జరిగేది ఇల్లు, కార్యాలయం వంటి సాధారణ ప్రదేశాల్లో కూడా రోజంతా ప్లగ్‌లు, దూది పెట్టుకోవడంలో. 2003, 2012 ప్రయోగాలు చూపినట్లు దీనివల్ల మెదడు తన మీటను మరింత పెంచుకొనే అవకాశముంది. హాని చేసే శబ్దం వద్ద రక్షణ, హాని చేయని శబ్దం వద్ద అలవాటు అన్నది పాటించవలసిన సూత్రం. అయితే అలవాటు పేరిట బాధితుని బలవంతంగా పెద్ద శబ్దాల మధ్యకు తీసుకుపోవడం తగదు. శబ్దం తరువాత గంటలు, రోజుల తరబడి నొప్పి ఉండేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

వ్యక్తిగత సంగీత సాధనాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2019లో కలిసి ప్రమాణాన్ని ప్రకటించాయి. పెద్దలు 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. శబ్దం 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ సురక్షిత సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 90 డెసిబెళ్ల వద్ద వారానికి 4 గంటలకు మించరాదు.

చికిత్స

హోరును పూర్తిగా తొలగించే మందు ఇప్పటివరకు లేదు. టిన్నిటస్‌కు సాధారణ చికిత్సగా మందులు వాడవద్దని, జింక్, జింకో బైలోబా వంటి వాటిని సిఫారసు చేయవద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ 2014 మార్గదర్శకాల్లో సూచించింది. మందు లేదంటే మార్గం లేదని అర్థం కాదు. గులిమి, చెవి ఇన్ఫెక్షన్, రక్తపోటు వంటి కారణాలుంటే ముందు వాటికి చికిత్స చేయాలి. వినికిడి లోపం ఉన్నవారికి వినికిడి యంత్రం మేలు చేస్తుంది. తగ్గిన సంకేతాన్ని అది తిరిగి అందిస్తుంది. శబ్ద అసహనం కూడా ఉన్నవారికి ఆ యంత్రం పెద్ద శబ్దాలను మితిమీరనివ్వకుండా అమర్చాలి. ఈ ఒక్క విషయం విస్మరించినందువల్ల యంత్రాన్ని కొని వాడకుండా పక్కన పెట్టేవారున్నారు.

పడకగదిలో ఫ్యాను శబ్దం, వాన చప్పుడు, మంద్రమైన సంగీతం వంటివి ఉంచుకోవడం రెండు బాధలకూ ఉపకరిస్తుంది. ఆ శబ్దం హోరును ముంచివేసేంతగా కాక, హోరు తన ప్రాధాన్యం కోల్పోయేంతగా ఉంటే చాలు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే మానసిక చికిత్సపై 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 28 అధ్యయనాలను, 2,733 మంది రోగుల వివరాలను పరిశీలించింది. జీవితంపై హోరు చూపే దుష్ప్రభావాన్ని ఈ చికిత్స తగ్గించగలదని పేర్కొన్నది. ఈ చికిత్సను శబ్ద అసహనానికి కూడా వాడుతున్నారు. సలహాలతో పాటు మంద్రధ్వని పరికరాలను ఉపయోగించే టిన్నిటస్ రీట్రైనింగ్ థెరపీ పేరొందినదే అయినా, 2019లో వెలువడిన ఒక పరీక్షలో అది సాధారణ సంరక్షణ కంటె చెప్పుకోదగిన అదనపు ఫలితం చూపలేదు. అయితే ఆ పరీక్షలో అన్ని బృందాల్లోని రోగులూ మెరుగుపడ్డారు. శ్రద్ధగా విని, విషయాన్ని వివరించి, ధైర్యం చెప్పడం కూడా చికిత్సలో ముఖ్య భాగమని గ్రహించవచ్చు.

వెంటనే వైద్యుని చూడవలసిన సందర్భాలు

ఒక చెవి వినికిడి అకస్మాత్తుగా, అంటే మూడు రోజుల లోపు తగ్గిపోతే దానిని అత్యవసర స్థితిగా భావించాలి. తొలి రెండు వారాల్లో చికిత్స మొదలైతే ప్రయోజనం ఎక్కువ. నాడి కొట్టుకొనే లయలో హోరు వినిపించడం, ఒకే చెవిలో హోరు ఉండిపోవడం, తల తిరగడం, ముఖం ఒక పక్కకు వంకరపోవడం, తలకు దెబ్బ తగిలిన తరువాత హోరు ప్రారంభం కావడం కూడా ఆలస్యం చేయదగినవి కావు. ముఖ పక్షవాతంలో పెద్ద శబ్దం నుంచి చెవిని కాపాడే చిన్న కండరం పనిచేయకపోవడం వల్ల శబ్ద అసహనం కలగవచ్చు. జెంటమైసిన్, అమికాసిన్ వంటి ఇంజెక్షన్లు, క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్, అధిక మోతాదులో ఆస్పిరిన్, క్వినైన్ చెవిపై ప్రభావం చూపగలవు. వీటిని వాడుతున్నప్పుడు హోరు మొదలైతే మందు తమంతట తాము మానకుండా వైద్యునికి తెలియజేయాలి.

హైదరాబాద్‌లోని కోఠి, విశాఖపట్నం ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రులు తెలుగువారికి చిరకాలంగా సేవలందిస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో ఉన్నది. 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ ఈ రంగంలో నిపుణులను తయారుచేస్తోంది.

చట్టాలు, అధికారుల బాధ్యత

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, వాణిజ్య ప్రాంతాల్లో 65, 55, పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70, నిశ్శబ్ద మండలాల్లో 50, 40 డెసిబెళ్లు పరిమితులు. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్ స్పీకర్లు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 గంటల వరకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. బాణసంచా పేలే చోటుకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెళ్లకు మించి శబ్దం చేసే రకాలను 1999 నుంచి నిషేధించారు. సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పులో శబ్దం లేని వాతావరణాన్ని జీవించే హక్కులో భాగంగా పరిగణించింది.

ఈ పరిమితులు ఆరోగ్యవంతుల సౌకర్యం కోసమేనన్న అభిప్రాయం సరికాదు. శబ్ద అసహనం ఉన్న వ్యక్తికి పక్క వీధిలోని లౌడ్ స్పీకరు చిరాకు కాదు, శారీరక బాధ. లౌడ్ స్పీకర్‌పై ఫిర్యాదు అందుకొన్న పోలీసు అధికారి ఈ విషయం ఎరిగి ఉంటే స్పందన వేరుగా ఉంటుంది.

శబ్దం వల్ల కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి కర్మాగారాల చట్టం ప్రభుత్వానికి తెలియజేయవలసిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 కూడా దానిని కొనసాగించింది. కార్మికుల పరీక్షలో ఆడియోగ్రామ్‌తో పాటు హోరు, శబ్ద అసహనం గురించి రెండు ప్రశ్నలు అడగడానికి అదనపు వ్యయం కాదు. వినికిడి తగ్గక ముందే ఈ లక్షణాలు హెచ్చరిక కాగల అవకాశముంది.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల వినికిడి లోపం ఉన్నవారిని పాక్షిక బధిరులుగా, 70 డెసిబెళ్ల లోపం ఉన్నవారిని బధిరులుగా నిర్వచించింది. హోరు, శబ్ద అసహనం ఈ కొలమానంలోకి రావు. కనుక వీరికి ధ్రువపత్రం లభించకపోయినా, కార్యాలయంలో జనరేటరుకు దూరంగా కుర్చీ, పాఠశాలలో గంటకు దూరంగా స్థానం, పరీక్ష హాలులో నిశ్శబ్దమైన గది వంటి చిన్న సదుపాయాలు అధికారుల విచక్షణతో కల్పించదగినవే.

పత్రికల పాత్ర

చెవిలో హోరు వారం రోజుల్లో మాయమని, ఎటువంటి చెవుడైనా తగ్గుతుందని చెప్పే ప్రకటనలు నిస్సహాయులైన రోగులను ఆకర్షిస్తాయి. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం, 1954 షెడ్యూలులో చెవుడు ఉన్నది. దానిని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడం ఆ చట్టం ప్రకారం నేరం. ఇటువంటి ప్రకటనలను స్వీకరించే ముందు పత్రికలు, ప్రసార మాధ్యమాలు ఈ నిబంధనను గమనించడం ఎంతైనా అవసరం. హోరుకు మందే లేదు, జీవితాంతం అనుభవించవలసిందే అన్న తరహా శీర్షికలు కూడా అంతే హాని చేస్తాయి. అవి రోగి భయాన్ని పెంచుతాయి, ఆ భయమే బాధను పెంచుతుంది.

ప్రతి ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినోత్సవాన్ని పాటిస్తున్నారు. జాతీయ బధిరత్వ నివారణ, నియంత్రణ కార్యక్రమం 2007లో దేశంలో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇటువంటి సందర్భాల్లో జరిగే శిబిరాల్లో, ప్రచారంలో వినపడకపోవడం గురించి చెప్పడంతో పాటు ఎక్కువగా వినపడడం గురించి, లేనిది వినపడడం గురించి కూడా చెప్పవలసి ఉంది. పెరిగిన మీట తగ్గడానికి కాలం, సహనం, సరైన సలహా కావాలి. అందుకు తొలి మెట్టు చెవుల్లో దూది తీసి వైద్యుని వద్దకు వెళ్లడం, ఆ రోగి చెప్పే రెండు బాధలనూ ఎదుటివారు నమ్మి వినడం.